తీగ తీసేసినా కదలని ఆవులు

ఆ పొద్దున కోడలమ్మ కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. పాలు పితుకుతూ కూనిరాగం, పేడ ఎత్తుతూ కూనిరాగం. "ఇవాళేనే తల్లుల్లారా, ఇవాళే!" అంటూ ఒక్కో ఆవు వీపూ చరుస్తూ కొట్టమంతా తిరిగేస్తోంది. ఆవిడ మొగుడు నోట్లో బ్రష్షు పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాడు.

"మన పెళ్లిరోజున కూడా ఇంత హుషారుగా లేవు నువ్వు."

"పెళ్లిలో కొత్తగా చూడ్డానికేముందండీ, మీరేగా!"

ఇంత సంబరం ఎందుకంటే, దానికో కథ ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడ చేసిందల్లా గడ్డి కోయడం, మోయడం, తొట్టిలో వేయడం. కొంగు ఆరేది కాదు, నడుం నిలిచేది కాదు. ఒకనాడు గడ్డిమోపు దబ్బున కింద పడేసి, "కాళ్లున్న ఆవుల్ని కట్టేసి, కాళ్లు లేని గడ్డిని నేను మోసుకురావడమేంటి? అవే నడిచెళ్లి మేస్తాయి!" అంది. ఇంటి ముందున్న పొలంలో ఈసారి పంట వేయకుండా గడ్డి పెంచుదామని, దాన్ని కరెంటు తీగ లాగి చెక్కలు చెక్కలుగా విడదీసి రోజుకో చెక్కలో మేపుదామని పట్టుబట్టింది.

మామగారు ఒప్పుకుంటారా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. "పొలమన్నాక దున్నాలి. గడ్డి పెంచేదాన్ని పొలమంటారా ఎవరైనా?" అని అంతెత్తున లేచారు. చివరికి ఆవిడ పోరు పడలేక ఒక్క మాటన్నారు. "సరే, గడ్డి ఎదిగాక ఆవుల్ని వదులు. వాటంతటవే మేశాయా, పొలం నీది. మేయలేదా, ఆ రోజే దున్నించి మొక్కజొన్న వేస్తా. మళ్లీ ఈ ఊసెత్తకూడదు."

ఆ రోజు ఇదే. మోకాలెత్తు గడ్డి మంచుకు తడిసి మెరిసిపోతోంది. గట్టు మీద ట్రాక్టరు కూడా వచ్చి నిలబడింది, వెనక నాగలి తగిలించుకుని మరీ! మామగారు మాటంటే మాటే.

"బండి పిలిపించేశారా మామయ్యా? ఇంకా ఆవుల్ని వదలనేలేదు!"

"తీరా అప్పుడు వెతుక్కోవడమెందుకమ్మా? చూద్దాంగా."

కోడలమ్మ చకచకా కంచె తీగకు కరెంటిచ్చే బ్యాటరీ ఆపేసింది. పొలానికీ కొట్టం ముంగిలికీ మధ్య ఉన్న ఆ సన్నటి తీగను చుట్ట చుట్టేసింది. గుంజలు కూడా పీకి పక్కన పడేసింది. "పదండే!" అని కేకేసింది.

ఆవులు నడిచాయి. ముందు మహారాణి, వెనక మిగతావి. తీగ ఉన్న చోటు దాకా వచ్చాయి. ఠక్కున ఆగిపోయాయి.

"హెయ్! పదవే!" కదల్లేదు. మహారాణి మెడలో పలుపు పట్టుకుని లాగింది. అది నాలుగు కాళ్లూ బిగదన్నింది. తవుడు బకెట్ తెచ్చి అవతల పెట్టింది. అమ్మ దొంగమొహమా! మెడంతా సాచి తవుడు శుభ్రంగా నాకేసింది గానీ, గిట్ట మాత్రం అక్కడినుంచి వేలెడు జరగలేదు. ట్రాక్టరు డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పెద్దాయనా, స్టార్ట్ చేసేదా?"

అప్పుడు వెలిగింది కోడలమ్మకు. అయ్యో నా మతి మండా! గడ్డి ఎదిగేదాకా ఆవులు తొక్కకూడదని ఆ తీగను అక్కడే ఉంచింది, ఒక్కసారి కూడా జరపలేదు. ముట్టుకున్న ప్రతిదానికీ చురుక్కుమంది. పాపం వాటి లెక్కలో లోకం అక్కడితో సరి. తీగ ఉందో లేదో వాటికెందుకు, ఆ చోటే దెబ్బ కొడుతుందని తెలుసు. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్లే పడడమంటే ఇదే!

"నేర్పింది నేనే మామయ్యా, కాసేపు ఆగండి," అని బతిమాలింది. ఆయన ట్రాక్టరు వైపు చూశారు. డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను భగ్గుమంది.

ఆ చప్పుడుకు కొట్టంలో ఉన్న మహారాణి దూడ బెదిరి, తలుపు సందులోంచి దూసుకొచ్చింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకి తీగేంటి, చురకేంటి? తల్లి పొట్ట కిందుగా దూరి, తీగ ఉన్న గీత దాటి, తిన్నగా గడ్డిలోకి పరుగు! ఆ గడ్డిలో దాని చెవులు తప్ప ఏమీ కనబడడం లేదు. "అంబే!" అంది లోపల్నుంచి.

మహారాణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒక కాలెత్తింది, దించింది. దూడ మళ్లీ అరిచింది. ఇంక ఆగుతుందా కన్నతల్లి? ఒక్క గెంతు! ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. ఇక్కడ దూడే ముందు చేలో పడింది, ఆవులు గట్టున ఉంటాయా! ఒకదాని వెనక ఒకటి, తోకలు పైకెత్తి, ముసలివీ పడుచువీ తేడా లేకుండా గంతులే గంతులు. కోడలమ్మ కూడా చెప్పులు వదిలేసి వాటి మధ్యన పడి పరిగెత్తింది. "ఏమండీ! చూశారా! తింటున్నాయి!" మొగుడు కూడా అరవడం మొదలుపెట్టాడు. ఏమని అరిచాడో అతనికే తెలియదు.

కాసేపటికి గంతులు సద్దుమణిగి, మేత మొదలైంది. పొలమంతా కరకరమని గడ్డి తెగే చప్పుడు. మామగారు చెయ్యెత్తారు. ఇంజను ఆగింది. "బండి ఇంటికి తోలెయ్ బాబూ," అన్నారు.

ఆయన మెల్లగా గీత దాకా వచ్చి ఆగారు. తర్వాత ఏమీ లేని గాలి మీదుగా మోకాలంత ఎత్తుకు కాలెత్తి, జాగ్రత్తగా అవతల పెట్టారు. కోడలమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"నన్నూ కొట్టిందిలే ఒకసారి," అన్నారు సిగ్గుగా. "ఎవరికీ చెప్పకు."

గడ్డిలో నిలబడి ఆవుల్ని చాలాసేపు చూశారు. "రేపటి తీగ నేను లాగుతానమ్మా. గుంజలు ఎక్కడ పాతమంటావు?"

ఆ పొలంలో ఏది ఎక్కడ ఉండాలో ఆయన ఇంకొకర్ని అడగడం ఇదివరకెన్నడూ ఎవరూ వినలేదు. కోడలమ్మకు కళ్లనీళ్లు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. "అదిగో, ఆ రాయి దగ్గర్నుంచి మామయ్యా," అని చెయ్యెత్తి చూపించింది.