కడుపు నిలవని వర్జిల్

వర్జిల్ స్టోక్స్‌కు కడుపులో ఏదీ నిలవదు. నేల మీద కాదండోయ్, విమానంలో! ఆయన ఉద్యోగమేమో రోజూ విమానమెక్కి ఉరుముల మబ్బుల్లో దూరడం.

అమెరికాలోని ఒర్లాండోలో ఆ వేసవంతా అదే పని. మబ్బులోంచి ఉన్నట్టుండి కిందికి దూకే గాలి, దిగుతున్న విమానాన్ని నేలకేసి కొడుతుంది. అది ఎదురుగా ఉందని పైలట్‌ను ముందే హెచ్చరించే రాడార్ తయారైంది. పనిచేస్తుందో లేదో ఆ గాలిలోకే వెళ్ళి చూడాలి. ఏ మబ్బును పట్టుకోవాలో వర్జిల్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే ఎంత కక్కినా ఆయన్ని దింపేవాళ్ళు లేరు. మొదట వాంతి చేసుకున్నవాళ్ళు మర్నాడు అందరికీ డోనట్లు తేవాలని ఆ విమాన జట్టు ఆనవాయితీ. రోజూ ఆయనే తెచ్చేవాడు.

"పొద్దున్నే అన్ని గుడ్లెందుకు మింగుతావయ్యా, ఎలాగూ లోపల ఉండవుగా?" అనేవాడు జట్టు పెద్ద మెరిట్.

"ఖాళీ కడుపుతో కక్కితే ఏం మర్యాద సార్?"

ఆ రాడార్‌ను తయారుచేసిన కొరీన్‌కు ఒకటే వింత. ఇంత కక్కే మనిషి అంత గుండ్రంగా ఎలా ఉన్నాడు? అడిగితే, "గాలి భోంచేసి" అనేవాడు.

ఆమె మొదటిసారి ఎక్కిన రోజున మెరిట్ ముందే చెప్పేశాడు. "కొత్తవాళ్ళు వాంతి చేసుకుంటే ఇక నేల మీదే. నీ రాడార్‌ను ఇంకొకరు చూసుకుంటారు."

ఏళ్ళ తరబడి కళ్ళల్లో వత్తులు వేసుకుని చేసిన రాడార్! కొరీన్ ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మబ్బు దగ్గరపడింది. తెర మీద ఎర్రమచ్చ కనిపించింది. "ఎదురుగా ఉంది! ఇప్పుడు కిందికి తోస్తుంది!" అని అరిచిందామె. అన్నంతలోనే విమానం ధబేలుమని జారింది. రాడార్ చెప్పింది నిజమే! సంతోషం గొంతుదాకా వచ్చింది. దాని వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. చటుక్కున కాగితం సంచి అందుకుంది.

"ఎవరది?" ముందు సీటులోంచి మెరిట్ గర్జించాడు.

పక్కనున్న వర్జిల్ "ఓఓవ్!" అని విమానం అదిరేలా ఒక కేక పెట్టి, ఆమె చేతిలోని సంచి లాగేసుకున్నాడు. "నా సంచి నీకెందుకమ్మాయ్? ఇలా తే!"

"మళ్ళీ నువ్వేనా! రేపు చాక్లెట్ డోనట్లు తే" అని విసుక్కుంటూ మెరిట్ అటు తిరిగాడు.

కొరీన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఈ జట్టులో కొత్తవాళ్ళెవరూ ఇంతవరకూ నేల మీద ఎందుకు మిగిలిపోలేదో అర్థమైంది. అయినా కుతూహలం ఆగక, వర్జిల్ ఒళ్ళో ఉన్న ఇంకో సంచిలోకి తొంగి చూసింది. సగం కొరికిన చీజ్ శాండ్‌విచ్!

"అంటే మీకు అసలెప్పుడూ..."

"ష్!" వర్జిల్ తీరిగ్గా ఇంకో ముక్క కొరికాడు. "ఇన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు. చెడగొట్టకు తల్లీ!"