చీకటి గది అని చెప్పి కొన్న ప్రొజెక్టరు

ఇంగ్లండులోని రీడింగ్ అనే ఊళ్ళో మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఈ దేశంలో నన్ను ఏ షాపువాడూ బోల్తా కొట్టించలేడని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం చదువు వల్ల వచ్చింది కాదు, చీరాలలో మా నాన్న బట్టల కొట్టు వల్ల వచ్చింది. నడక రాకముందు నుంచీ ఆ కొట్టు పరుపు మీదే పెరిగాను. చీర ముందు కూర్చున్నావిడ మొహం చూసి, ఈవిడ కొంటుందా లేక ఫ్యాను గాలి కోసం కూర్చుందా అన్నది ఇట్టే చెప్పేసేవాణ్ణి. (ఇప్పుడు నేనే హీటరు వెచ్చదనం కోసం షాపుల్లో తిరిగే మనిషినయ్యాను కాబట్టి ఆ విద్య గురించి ఎక్కువ మాట్లాడను.) మా నాన్న వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇప్పించి మొట్టమొదట అడిగే మాట, "ఏం ఫంక్షనమ్మా?" పెళ్ళి అన్నారంటే ఆయన చెయ్యి తనంతట తానే పై అరకి వెళ్ళిపోయేది. ఊరికే ఇంట్లో కట్టుకోవడానికి అంటే కింద అర దాటేది కాదు. భోజనాల దగ్గర మళ్ళీ ఆయనే నాకు రెండో వైపు పాఠం చెప్పేవాడు. "నువ్వు కొనేటప్పుడు మాత్రం ఎందుకు కొంటున్నావో కొట్టువాడికి చెప్పకురా. నీ అవసరం తెలిసిందా, ధర వాడి చేతికి పోయినట్టే."

ఈ ఒక్క పాఠం పెట్టుబడిగా నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ చదివినన్నాళ్ళూ సైకిలు నుంచి మంచం దాకా అన్నీ పాతవే కొన్నాను. మంచం అమ్మిన పెద్దాయన, నేను దాన్ని విరగ్గొట్టి మంట వేసుకుంటానేమోనని చాలాసేపు దిగులు పడ్డాడు. పడుకోవడానికి అని ఒక్క మాట చెబితే ఆయన ప్రాణం కుదుటపడేది. నేను చెప్పలేదు.

రీడింగ్‌లో మేమున్న వీధి చివర ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ ఉండేది. జ్వరం వస్తే చారు, పండగ వస్తే బూరెలు, ఏమీ రాకపోతే "ఏరా, ఈ మధ్య మొహం చూపించటం లేదే" అని ఫోను. ఆ ఏడాది వేసవికి ఆవిడ అక్కగారు విజిటర్ వీసా మీద వచ్చారు. మేమంతా పెద్దాంటీ అనేవాళ్ళం. ఆవిడకి కంటి వెనక పొర అరిగిపోయిందట. టీవీలో మొహాలు ఆనవు, ఫొటోలు అసలు ఆనవు. బొమ్మ ఎంత పెద్దదైతే అంత మేలని డాక్టర్లు చెప్పారట.

పెద్దాంటీ తిరుగు ప్రయాణానికి పెట్టెలు దించుతుంటే ఇంటికప్పు కింద అటకలాంటి లాఫ్ట్‌లో ఆంటీ పెళ్ళి వీడియో క్యాసెట్టు బయటపడింది. అంకుల్ దాన్ని ఎక్కడో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చేసరికి ప్రయాణం ముందు రోజయింది. ఆ పెళ్ళికి పెద్దాంటీ వెళ్ళలేదు. ఆవిడ అత్తవారికీ పుట్టింటికీ ఏదో మాటపట్టింపు వచ్చి రాకపోకలు ఆగిపోయిన కాలమది. ఆ మాట వెనక్కి తీసుకునేలోపే, పెళ్ళయిన కొన్ని నెలలకే, వాళ్ళ నాన్న పోయారు. ఆయన కదులుతూ కనిపించేది ప్రపంచం మొత్తం మీద ఆ క్యాసెట్టులోనే. ఆ రాత్రి ఆంటీ వాళ్ళింట్లో నేను పప్పు అన్నం తింటుండగా పెద్దాంటీ ఎవరితోనూ కాకుండా అన్నది. "ఫొటో నాకెందుకే. ఫొటోలో అందరూ నిలబడే ఉంటారు. మా నాన్న నడక చూడాల ఒకసారి. ఆ నడక మళ్ళీ ఎవురికీ రాలా."

ఆ మాట విన్నాక చెయ్యి కడుక్కుని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "రేపు సాయంత్రం మీరు బయల్దేరే లోపల మీ హాలు గోడంతా సినిమా చేస్తాను పెద్దాంటీ. ఎలాగూ నేను ప్రొజెక్టరు కొనాలనుకుంటున్నాను" అన్నాను. అనుకోవడం నిజమే. అయితే నా లెక్క ప్రకారం దాన్ని డిసెంబరు తగ్గింపు అమ్మకాల్లో కొనాలి.

నా రూమ్మేట్ వరంగల్ మనిషి. చెప్పుల జత కొనాలన్నా ఇంటర్నెట్‌లో వందమంది అభిప్రాయాలు చదివేవాడు కాబట్టి అతన్ని రివ్యూలన్న అనేవాళ్ళం. పొద్దున్నే నేను షాపుకి బయల్దేరుతుంటే పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"లూమెన్లు సూస్కో తమ్మీ. మిషిన్ ఎంత వెలుగిస్తదో అదే లెక్క. సీకటి రూమ్‌కైతే తక్కువున్నా నడుస్తది. ఆంటీ హాల్లకి ఎండొస్తది, గట్టిది గావాలె. రూమ్ ఎట్లుందో షాపోనికి మొత్తం జెప్పు."

"మొత్తం చెబితే మొత్తం గుంజుతాడన్నా."

"నువ్వు చీర కొంటలేవు తమ్మీ, వెలుగు కొంటున్నవ్."

ఎంత చదివితే మాత్రం బేరం తెలుస్తుందా అని మనసులో జాలిపడి బస్సెక్కాను.

షాపులో ఎర్రగడ్డం కుర్రాడొకడు ఎదురొచ్చాడు. లోపల నల్ల తెరలు కట్టిన గదిలో ప్రొజెక్టర్లు వరసగా వెలుగుతున్నాయి. వాటిలో ఒకటి మిగతావాటిని మింగేసేంత తెల్లగా మండుతోంది. నాకు కావలసింది అదేనని చూడగానే తెలిసింది. కాబట్టి దానివైపు మళ్ళీ చూడలేదు. (కావలసిన సరుకుని చూడకూడదు, దాని పక్కదాన్ని చూడాలి. ఇది కూడా మా కొట్టు చదువే.) కుర్రాడు చాలా మర్యాదగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏ గదిలో పెడతారు, కిటికీలు పెద్దవా, పగలు చూస్తారా రాత్రి చూస్తారా. అతను అడిగింది ఇంగ్లిష్‌లోనే గాని నా చెవికి మా నాన్న గొంతే వినబడింది. "ఏం ఫంక్షనమ్మా?" ఓహో, పై అరకి చెయ్యి చాపుతున్నావా అనుకున్నాను.

"కిటికీలు లేవు" అన్నాను.

"అస్సలు లేవా?"

"లాఫ్ట్‌లో గది. చీకటిగా ఉంటుంది."

"గోడల రంగు?"

"నలుపు." (నల్లగోడల ఇల్లు నేను ఈ జన్మలో చూడలేదు.)

కుర్రాడి మొహం వెలిగిపోయింది. అంత మంచి గది ఉన్న అదృష్టవంతుణ్ణి అతను చాలా రోజులుగా చూడలేదట. ఆ తెల్లగా మండేదాన్ని తనే చేత్తో ఆర్పేసి, "అయితే ఇది మీకు వద్దు. చీకట్లో కళ్ళు పొడుస్తుంది, డబ్బు దండగ" అని, పక్కనున్న చిన్నదాన్ని వెలిగించాడు. ఆ నల్ల తెరల మధ్య అది కూడా బ్రహ్మాండంగానే ఉంది. అమ్మేవాడే ఖరీదైన సరుకుని వెనక్కి పెట్టడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అనుమానపడాల్సింది అక్కడే. నేను మాత్రం నా దెబ్బకి పై అర మూసుకుందని సంబరపడ్డాను. అంతటితో ఆగానా, అట్టపెట్టె మూల నొక్కుకుపోయిందని, ఇది అందరూ చూసి చూసి అరగదీసిన పీసని, మేనేజరు దాకా వెళ్ళి ధర తగ్గించుకుని పైన ఒక వైరు కూడా ఊరికే సంపాదించాను. పెట్టె చేతికిస్తూ ఎర్రగడ్డం మనస్ఫూర్తిగా అన్నాడు. "మీ చీకటి గదిలో హాయిగా చూడండి."

జూన్ నెల సాయంత్రం, ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే గాని పొద్దు గూకదు. ఏడాది పొడుగునా మబ్బుల చాటున దాక్కునే ఇంగ్లండు సూర్యుడు ఆ రోజు మా చీరాల సూర్యుణ్ణి పిలిపించుకుని ఇద్దరూ కలిసి ఆంటీ హాల్లో దిగినట్టుంది. ముందు వైపు పడమటి కిటికీ, దానికి మల్లెపువ్వు రంగు కర్టెన్లు. వెనక వైపు గోడ బదులు అద్దాల గది. నేను మిషను వెలిగించాను. సన్నాయి మేళం పదహారణాలా వినిపించింది. గోడ మీద మాత్రం గోడే కనిపించింది.

"మమ్, ఇట్స్ జస్ట్ ఎ వాల్" అంది ఆంటీ కూతురు.

"నువ్వు నోరు మూసుకుని పైకెళ్ళి దుప్పట్లు తే" అంది ఆంటీ.

దుప్పట్లు వచ్చాయి, డూవేలనే దూది బొంతలు వచ్చాయి, పెద్దాంటీ పెట్టెలో సర్దేసిన చీరలు మళ్ళీ బయటికి వచ్చాయి. కర్టెను కడ్డీకి చీరలు వేలాడదీస్తే ఎండకి అవే ఎర్రగా, పచ్చగా మెరిసి హాలంతా రంగులయ్యింది. మేడ మీదికి వెళ్దామంటే పెద్దాంటీకి మోకాళ్ళు సహకరించవు. మెట్ల కింద అలమరాలో పూర్తి చీకటి ఉంది కదా అని అంకుల్ సూచించారు. అక్కడ మిషను పెడితే గోడ మరీ దగ్గరై బొమ్మ అరచేయంత వస్తుంది. అరచేయంత బొమ్మ ఫోనులోనే ఉంది. చివరికి అంకుల్ ఒక దుప్పటి, నేను ఒక డూవే పట్టుకుని కిటికీకి అడ్డంగా చేతులెత్తి నిలబడ్డాం. అప్పుడు గోడ మీద ఏవో తెల్లటి పొగల్లాంటివి అటూ ఇటూ కదిలాయి. "ఆ పొగ మీ ఆంటీయే" అన్నారు అంకుల్ నాతో మెల్లిగా, "ఆ పక్కన పొగ నేను."

నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఆంటీ వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. ఆ క్యాసెట్టు ఆవిడకి కొట్టినపిండి. సన్నాయి పాట మారే చోటు వినగానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఇదిగో అక్కా, నాన్న వస్తన్నాడు. పందిట్లోంచి ఇటు వస్తన్నాడు. కండువా జారిపోతా ఉంది, సర్దుకోటం లా."

"ఎప్పుడు సర్దుకున్నాడులే" అంది పెద్దాంటీ గోడకేసి చూస్తూ.

"ఇప్పుడు ఆగాడు. వాకిలి వైపు చూస్తన్నాడు. అందరూ ఇటు పిలుస్తన్నారు, ఆయన అటే చూస్తన్నాడు."

"ఎవురి కోసం?"

"ఎవురి కోసమేంటక్కా. నీ కోసమే."

పెద్దాంటీ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. మొహం ఆనించేంత దగ్గరికి. ఆవిడ నీడ పడి, ఉన్న ఆ కాస్త పొగ కూడా పోయింది. ఎవరూ ఆ మాట చెప్పలేదు. నా చేతులు లాగేస్తున్నాయి, డూవే మూల జారి ఎండ మళ్ళీ లోపలికి వచ్చింది. షాపులో ఆ తెల్లగా మండే మిషను నా కళ్ళ ముందుకొచ్చింది. అది ఉంటే ఈ ఎండలోనూ ఆయన నడిచేవాడు. "పెద్దావిడ, కళ్ళు సరిగా లేవు, ఎండ వచ్చే గది, ఒక్క సాయంత్రమే ఉంది" అని చెప్పి ఉంటే ఎర్రగడ్డం కుర్రాడు దాన్నే చేతుల్లో పెట్టేవాడు. అతను నన్ను మోసం చేయలేదు. నేను ఎంత చీకటి చెప్పానో అంత చీకటికీ సరిపడా వెలుగు కొలిచి ఇచ్చాడు.

కారు టైమయింది. చీరలు మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాయి. వీధిలో ఇంకా మిట్టమధ్యాహ్నంలా వెలుగుంది. పెద్దాంటీ కారెక్కుతూ నా చెయ్యి పట్టుకుని అన్నది. "చాలా బాగా కనపడింది నాయనా. మంచి మిషను తెచ్చావు."

ఎవరన్నా ఆ మాటకి సంతోషిస్తారు. నేను బట్టల కొట్టు పరుపు మీద పెరిగినవాణ్ణి. సరుకు నచ్చినావిడ అంచు బాలేదంటుంది, రంగు వెలుస్తుందేమో అంటుంది, ధర ఎక్కువంటుంది. "చాలా బావుందండీ" అని ఒక్క వంక కూడా పెట్టకుండా లేచి చెప్పులేసుకునే మనిషి ఏమీ కొనలేదని నాకు పదేళ్ళ వయసుకే తెలుసు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక రివ్యూలన్న "ఏమైంది తమ్మీ?" అని అడిగి, నా మొహం చూసి, చాయ్ పెట్టడానికి లేచాడు. లూమెన్ల మాట ఎత్తలేదు. అంత మంచివాణ్ణి నేను పొద్దున జాలిగా చూశాను.

చలికాలం వచ్చేలోపే పెద్దాంటీకి చూపు పూర్తిగా పోయిందని ఆంటీ చెప్పింది. ఇంక గోడంత బొమ్మయినా, ఊరంత బొమ్మయినా ఒకటే. డిసెంబరులో ఒక ఆదివారం నాలుగింటికే చీకటి పడిపోతే, ఆంటీ తనంతట తానే "ఆ మిషను పట్రారా ఒకసారి" అంది. అదే హాలు, అదే గోడ. మల్లెపువ్వు కర్టెన్ల అవతల కాటుక రాసినట్టు చీకటి. మిషను వెలిగించగానే పెళ్ళిపందిరి గోడ నిండా పరుచుకుంది. ఆయన నడిచి వచ్చాడు. కుడికాలు కొంచెం విసురుగా వేస్తూ, ఒక భుజం ముందుకి తోస్తూ, ఎవరినో వెతుక్కుంటున్నట్టు. అప్పుడర్థమైంది, ఆ నడక ఇంకెవరికీ రాలేదని ఆవిడ ఎందుకన్నదో. అంత చక్కగా కనబడుతున్నందుకు ఆ మిషను మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది.

ఆంటీ ఒంగోలుకి ఫోను కలిపి స్పీకరులో పెట్టి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. "అక్కా, నాన్న వస్తన్నాడు. ఇప్పుడు ఆగాడు. వాకిలి వైపు చూస్తన్నాడు."

ఫోనులోంచి పెద్దాంటీ గొంతు విసుగ్గా వచ్చింది. "తప్పు చెప్తన్నావే. ముందు కండువా జారిద్ది, ఆ తర్వాత గదా ఆగేది."

గోడ మీద కండువా అప్పటికే జారిపోయి ఉంది. ఆంటీ చెప్పడం మరిచింది, అంతే. ఆ రోజు పొగలో ఆవిడకి ఏమన్నా కనబడిందో, చెల్లెలి మాటలనే అన్నాళ్ళూ వరసగా దాచుకుందో నేను అడగలేదు. ఫోనులో ఆవిడ ఇంకా వంకలు పెడుతూనే ఉంది. సన్నాయి పాట అప్పుడే మారిందేంటే అంటోంది, ముందు పెద్ద బాబాయి రావాలి కదా అంటోంది. నేను చీకట్లో కూర్చుని ఒక్కొక్క వంకా విన్నాను.

ఇప్పుడు నాకు సొంత ఇల్లుంది, కిటికీలున్నాయి, పట్టపగలు కూడా వెలిగే మిషను ఉంది. షాపుకి వెళ్తే అడగకముందే గది కొలత, కిటికీ దిక్కు, గోడ రంగు, చూసేవాళ్ళ వయసు అన్నీ చెప్పేస్తాను. మొన్న మిక్సీ కొనడానికి వెళ్ళి మా ఇంట్లో ఎవరికి ఏ పచ్చడి ఇష్టమో చెబుతుంటే, అమ్మే అమ్మాయి పాపం రెండుసార్లు గడియారం చూసుకుంది. ధర కొంచెం ఎక్కువే వేసి ఉంటుంది. పై అరలో చెయ్యి పెట్టినట్టే కనబడింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.