బోసినోటి పురుగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా శ్రద్ధగా పళ్ళు తోముకునేది మా అమ్మమ్మ. ఆమె నోట్లో ఒక్క పన్నూ లేదు. తెల్లవారగానే పెరట్లోకి పోయి లేత వేపపుల్ల విరిచేది. నమిలే వీలు లేదు కాబట్టి రాయి మీద పెట్టి చివర చితక్కొట్టి, కుచ్చులా మెత్తగా చేసుకుని, చిగుళ్ళ మీద మెల్లగా తిప్పుకుంటూ గడప దగ్గర కూర్చునేది. లేని పళ్ళకు ఇంత మర్యాద ఎందుకని ఎవరైనా వేళాకోళం చేస్తే, "పండ్లు పోయినయి గని నోరు పోలే గదా" అనేది. ఆ నోరు నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఊళ్ళో సగం మంది ఆ నోటికి భయపడేవాళ్ళు.

మాది బూర్గంపాడు దాటి అడవి వైపు పోతే తగిలే చిన్న ఊరు. మా నాన్న సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాడు. అమ్మ ఇంటి ముందు వసారాలో మిషన్ కుట్టేది. తాతయ్య పోయాక అమ్మమ్మ మా దగ్గరే ఉండిపోయింది. అప్పటికే కిరాణా కొట్లో పేస్టులూ పళ్ళపొడి పొట్లాలూ దండల్లా వేలాడుతుండేవి. మా ఇంట్లో మాత్రం పేస్టు ట్యూబు చుట్టాలు వచ్చినప్పుడే అటక దిగేది. మిగతా రోజుల్లో వేపపుల్ల, అది దొరక్కపోతే కానుగపుల్ల. నాకు ఆ చేదు అస్సలు పడేది కాదు. నోట్లో పెట్టుకున్నట్టే పెట్టుకుని, అమ్మమ్మ అటు తిరగగానే ఉమ్మేసేదాన్ని. ఆమెకు అప్పటికి చూపు బాగానే వచ్చేసింది కాబట్టి నా నాటకం ఎంతోకాలం సాగలేదు.

చూపు వచ్చేసింది అనడానికి ఒక కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు అమ్మమ్మకు కాల్చిన పొగాకు పొడితో పళ్ళు తోముకునే అలవాటుండేది. పంటినొప్పికి మంచి మందని ఎవరో చెబితే మొదలుపెట్టింది, ఆ తర్వాత మానలేకపోయింది. చిగుళ్ళు పాడై కొన్ని పళ్ళు వాటంతట అవే ఊడిపోయాయి. కదులుతున్న పై పళ్ళను దవాఖానాలో తీయించుకుంది. కొన్నేళ్ళకు కళ్ళలో పొరలు వచ్చి మనుషులను కూడా ఆనవాలు పట్టలేకపోయింది. ఊళ్ళోవాళ్ళు ఈ రెండింటినీ ముడిపెట్టేశారు. పై పన్ను పీకిస్తే కంటి నరం తెగుతుందని, నమ్మకపోతే మా అమ్మమ్మను చూడమని చెప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత కంటి క్యాంపులో ఆపరేషన్ చేసి పొరలు తీసేశారు, ఆమెకు చూపు తిరిగొచ్చింది. ఊళ్ళో మాట మాత్రం ఎక్కడిది అక్కడే ఉండిపోయింది.

ఒక ఎండాకాలం చివర, బడులు తెరిచే ముందు, అమ్మకు పై దవడ పన్ను నొప్పి పట్టుకుంది. యూనిఫారాల కుట్టుపని ముంచుకొచ్చే రోజులవి. లవంగం నొక్కి పెట్టుకుంది, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించింది. కాసేపు హాయిగా ఉన్నట్టుండేది, మళ్ళీ మొదలయ్యేది. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆపేసి, చెంప పట్టుకుని కళ్ళు మూసుకునేది. చివరికి ఆ చెంప ఉబ్బి వాపు కంటి కిందిదాకా వచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. అన్నం మెత్తగా పిసికిపెట్టినా మింగలేకపోతోంది.

భద్రాచలం పోదాం పదమని నాన్న బతిమాలాడు. అమ్మ వినలేదు. "పోతే పన్ను పీకుతరు. కండ్లు పోతే సూదిల దారం నువ్వు ఎక్కిస్తవా?" అంది. మా ఇంట్లో సగం కూడు ఆ సూది మీదే వచ్చేది మరి. తలుపు వెనక నిలబడి వింటున్న నాకు అమ్మ కళ్ళు పోతాయేమోనని ఒక భయం, అసలు అమ్మే లేకుండా పోతుందేమోనని ఇంకో భయం. ఈ రెండోది ఎవరికీ చెప్పలేక, కోళ్ళ గూడు దగ్గర కూర్చుని ఏడ్చాను.

అప్పుడే పక్కింటి అక్క వచ్చింది. అమ్మంటే ఆమెకు ప్రాణం. అమ్మ ముఖం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పంట్ల పురుగు పడ్డది పిన్నీ. పొగ పట్టిస్తే రాలిపోతది. చెట్టు మందు, ఏం చెడు చెయ్యదు" అంది.

"నా పండ్లన్ని ఊడగొట్టిన పొగాకు గూడ చెట్టు మందే బిడ్డా" అంది అమ్మమ్మ. ఆ ఒక్క ముక్కకే అక్క చిన్నబుచ్చుకుంది. అమ్మ మాత్రం పొగ పేరు వినగానే లేచి కూర్చుంది. పన్ను పీకకుండా నొప్పి పోయే దారి ఒకటుందంటే ఆమెకు అంతకంటే ఏం కావాలి?

పొగ పట్టే పెద్దాయన పొరుగూరి మనిషి. మా పిల్లలందరికీ ఆయన పొగతాత. నెమ్మదైన మనిషి, నవ్వితే నల్లటి ముఖమంతా ముడతలు పడేది. పిలిస్తే ఎండైనా వానైనా వచ్చేవాడు, పెట్టింది తిని పోయేవాడు. వెడల్పాటి బేసినులో నీళ్ళు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టి, దాని మీద ఎర్రగా కాల్చిన ఇనుప ముక్క ఉంచేవాడు. ఆ ఇనుము మీద వాకుడనే ముళ్ళమొక్క ఎండు పండ్ల గింజలు చల్లి, పైన చిల్లుకుండ బోర్లించేవాడు. కుండ చిల్లులోంచి వచ్చే పొగను సన్నటి వెదురు గొట్టంతో నొప్పి ఉన్న పంటికి పట్టించుకోవాలి. పొగ ఆరిపోయాక కుండ ఎత్తితే నీళ్ళలో సన్నటి తెల్లటి పురుగులు తేలుతుండేవి. పంట్లోంచి గొట్టంలోకి దిగి నీళ్ళలో పడ్డాయనేవారు. ఎవరికి పట్టినా పడేవి. నేను కూడా నా కళ్ళతో చూశాను. అంత కళ్ళెదురుగా కనిపించేదాన్ని ఎవరు కాదంటారు?

ఆ రోజు వసారాలో అన్నీ సర్దుకుని, ఇనుము కాలాక, పొగతాత అమ్మను ముందుకు జరగమన్నాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టుకుని జరగబోయింది. అమ్మమ్మ అడ్డంగా వచ్చి పీట లాక్కుని కూర్చుంది.

"ముందు నాకు పట్టు అన్నా."

పొగతాత నవ్వాడు. "నీకు పండ్లేవి చెల్లె?"

"చిగుర్లు దురద పెడ్తున్నయి. జర పట్టరాదు."

చూడవచ్చిన ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. అమ్మకేమో ఒళ్ళు మండిపోయింది, నొప్పితో తను చస్తుంటే ముసలామెకు ఇప్పుడు పొగ సరదా ఏమిటని. పొగతాత పెద్దామె మాట కాదనలేక గింజలు చల్లి కుండ బోర్లించాడు. అమ్మమ్మ గొట్టాన్ని బోసినోట్లో పెట్టుకుని, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, పొగ అయిపోయేదాకా కదలకుండా కూర్చుంది. అప్పుడు కుండ ఎత్తారు.

నీళ్ళ మీద పురుగులు తేలుతున్నాయి. ఎప్పుడూ పడేటన్నే, ఎప్పుడూ పడేలాంటివే.

అమ్మమ్మ గొట్టం పక్కన పెట్టి, అందరికీ కనిపించేటట్టు నోరు బార్లా తెరిచింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇవి ఏ పంటివి అన్నా?"

ఆమె గొంతులో వెటకారం లేదు, అది నాకు బాగా గుర్తు. పొగతాత వంగి నీళ్ళలోకి చూశాడు. అప్పుడు ఆయన చేసిన పనికి ఇప్పటికీ నాకు ఆయన మీద గౌరవం. ఎవరూ చెప్పకుండానే ఇనుమును మళ్ళీ కాల్చాడు. బేసినులో నీళ్ళు మార్చాడు. గింజలు చల్లి, కుండ బోర్లించి, గొట్టాన్ని పక్కకు తోసేశాడు. ఈసారి ఎవరి నోరూ లేదు. పొగ దాని పాటికి అది పైకి పోయింది. ఆయన కుండ ఎత్తేసరికి, పురుగులు మళ్ళీ ఉన్నాయి. ఆయన ఒకదాన్ని వేలి మీదకు తీసుకుని వెలుతురులో చూశాడు. పురుగు కాదు. వేడికి పగిలిన గింజలోంచి చిట్లి పడ్డ తెల్లటి మొలక.

"మా నాయిన గిట్లనే జేసిండు. నేను గిట్లనే జేసిన. ఎవ్వల్ని మోసం జెయ్యలే చెల్లె" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అంతసేపూ అమ్మ కోసం ఏడ్చినదాన్ని, ఆ నిమిషం ఆయన కోసం ఏడ్చాను.

"చేసినవని నేనన్ననా? నేను పొగాకు రాసుకున్న, నువ్వు పొగ పట్టినవ్. ఇద్దరం ఇదెట్లని అడుగలే" అంది అమ్మమ్మ. లోపలికి పోయి ఆయనకు టీ పెట్టుకొచ్చింది. వచ్చినవాళ్ళెవరూ ఆయన్ను ఒక్క మాట అనకుండా తనే ఎదురుగా కూర్చుని, ఆయన టీ తాగేదాకా కదల్లేదు.

పొగ దారి మూసుకుపోయింది, అమ్మ భయం మాత్రం పోలేదు. ఉబ్బిన చెంపతో మాట ముద్దముద్దగా వస్తుంటే, "పురుగు లేదు సరే. మరి నీ పండ్లు పీకినంక కండ్లు పోలేదా?" అని నిలదీసింది.

"అవ్, పోయినయి" అంది అమ్మమ్మ. "పండ్లతోనే కండ్లు పోతే, ఆపరేషన్‌తోని కండ్లు తిరిగొచ్చినయి గదా, మరి పండ్లేవి?" అని మళ్ళీ ఒకసారి నోరు తెరిచి చూపించింది.

ముందు పొగతాత నవ్వాడు. తర్వాత అక్క. అమ్మ నవ్వబోయి నొప్పికి చెంప పట్టుకుంది, పట్టుకునే ఏడ్చింది. ఏడుస్తూనే చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. ఇన్నేళ్ళూ ఊరంతా సాక్ష్యంగా చూపించిన మనిషిని ఎవరూ ఈ ఒక్క సంగతి అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆటోలో గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలం పోయాం. నన్ను వదిలి పోతామంటే నేను ఊరుకోలేదు. పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అమ్మను చూడగానే ఇంత ఆలస్యం చేశారేమని నొచ్చుకుంది. అమ్మమ్మ పొగతాతను అడిగినట్టే ఆమెనూ అడిగింది. ఏం చేస్తావు, ఎందుకు చేస్తావు, చేయకపోతే ఏమవుతుంది, కళ్ళకేమన్నా అవుతుందా అని వరసపెట్టింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. పన్ను తీస్తే చూపు పోదని, తీయకుండా ఈ చీమును ఇలాగే వదిలేస్తే మాత్రం కంటిదాకా పాకి నిజంగానే కంటికి, ప్రాణానికి ముప్పు రావచ్చని చెప్పింది. అది విని నాన్న అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు. మేము దేనికి భయపడి ఆగామో, ఆగడం వల్లే అది వచ్చేది.

వేపపుల్ల గురించి కూడా అమ్మమ్మ వదల్లేదు. మంచిదే, చివర మెత్తగా చేసుకుని చిగుళ్ళు గీరకుండా తోముకోమంది డాక్టరమ్మ. కానీ పన్ను పుచ్చి గుంట పడ్డాక దాన్ని ఏ పుల్లా పూడ్చదని, లవంగం నొప్పిని కాసేపు మరిపిస్తుందే తప్ప జబ్బును తీయదని, పిల్లకు పేస్టూ బ్రష్షూ అలవాటు చేయమని చెప్పింది. నేను గెలిచినట్టు అమ్మమ్మ వైపు చూశాను. "తీపి గూడ తగ్గియ్యమని చెప్పు డాక్టరమ్మా" అని ఆమె నా సంబరం మీద నీళ్ళు చల్లింది.

మందులతో వాపు దిగాక, మరోసారి తీసుకెళితే అమ్మ పన్ను తీశారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే అమ్మ మిషన్ ముందు కూర్చుని సూది చేతిలోకి తీసుకుంది. పక్కింటి అక్క గోడ మీంచి చూస్తోంది. నాన్న షిఫ్టుకు టైమవుతున్నా సైకిల్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. పొగతాత కూడా వచ్చాడు, చేతిలో కానుగపుల్లల కట్టతో. అమ్మ దారం కొస నాలుకతో తడిపి, మొదటిసారికే ఎక్కించింది. "ఇగ పొండ్రి, పనులు లేవా మీకు" అని అమ్మమ్మే అందర్నీ తరిమింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, పొగేమీ లేకపోయినా.

పొగతాత ఆ తర్వాత గొట్టం పట్టలేదు. సంతలో వేపపుల్లలు, కానుగపుల్లలు అమ్మేవాడు. ఎవరైనా పంటినొప్పని వస్తే పుల్ల చేతిలో పెట్టి, "ఇది తోముకునేటందుకు. నొప్పికి డాక్టర్ దగ్గరికి పో" అనేవాడు.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ ఇప్పటికీ కుడుతోంది, ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని. వయసుకు వచ్చిన జోడది, పంటికి వచ్చింది కాదు. నా కూతురు బ్రష్షుతో తోముకుంటుంది, నేను కొన్నాళ్ళు బ్రష్షు, కొన్నాళ్ళు వేపపుల్ల. ఫోను తెరిస్తే చాలు, ఆకులూ నూనెలూ పొడులూ, వాడిన మర్నాటికే మెరిసిపోయే పళ్ళూ. మా పెద్దలు వాడారు కాబట్టి మంచిదని ఒకరంటారు, డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉంది కాబట్టి మంచిదని ఇంకొకరంటారు. నేను ఎవరితోనూ గొడవ పడను. వాళ్ళు చూపించిందల్లా శ్రద్ధగా చూస్తాను. చూశాక, అమ్మమ్మ పీట లాక్కుని కూర్చున్నట్టే కూర్చుని, వెటకారం లేకుండా, మెల్లగా అడుగుతాను.

"ఇవి ఏ పంటివి అన్నా?"