నాలుగు మడతల అర్జీ

నా చిన్నప్పుడు, ఆరో తరగతి చదివే రోజుల్లో, నేనొక కాగితం దాచాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీ రాసే అలవాటు నాకు అప్పటికే ఉంది. కానీ ఆ వారం పేజీల్లో వాన పడిందనీ, లెక్కల టీచరు సెలవు పెట్టిందనీ మాత్రమే ఉంటుంది. కాగితం మాట డైరీకి కూడా చెప్పుకోలేకపోయాను.

మాది కడప జిల్లాలో నేతపని మీద బతికే చిన్న ఊరు. పేరుకు మున్సిపాలిటీ. మా వీధిలో పద్నాలుగు ఇళ్లలో గుంట మగ్గాలు ఉండేవి. ముందు గదిలో నేల తవ్వి, ఆ గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. మా తాత పగలంతా ఆ గుంటలో కాళ్లు పెట్టుకునే ఉండేవాడు. స్కూలు నుంచి వస్తుంటే వీధి మలుపులోనే మా మగ్గం చప్పుడు ఏదో నేను గుర్తుపట్టేదాన్ని. అది వినపడని రోజు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

మా ఇంటి ముందు ఒకే ఒక మెట్టు ఉండేది. ఒకప్పుడు మూడు ఉండేవని తాత చెప్పేవాడు. వీధికి సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. అలా రెండు రోడ్ల కింద రెండు మెట్లు పోయాయి. నేను పుట్టేసరికి ఆ రెండో రోడ్డు కూడా పగిలి గుంతలు పడింది. మా సీమలో వాన అరుదే గానీ, వచ్చిందంటే గంటసేపట్లో వీధి వాగైపోతుంది. స్కూలు ఆటో అతను మమ్మల్ని వీధి మొదట్లోనే దింపేసేవాడు. అక్కడి నుంచి చెప్పులు చేత పట్టుకుని, బురదలో ఇంటికి నడిచేదాన్ని. "రోడ్డు పడనీ, నీకు సైకిలు కొనిస్తా" అని నాన్న మాట ఇచ్చి ఏడాది దాటింది.

అలాంటప్పుడు మూడో రోడ్డు మంజూరైందని తెలిసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాతకూ పట్టలేదని పొద్దున తెలిసింది. ఈ రోడ్డు కూడా పాతదాని మీదే పోస్తే ఉన్న మెట్టు మునుగుతుంది. ఆ తర్వాత వాన నీళ్లు వచ్చేది గడపలోకే. గడప దాటితే మగ్గం గుంటలోకే. గుంటలో నీళ్లు నిలిస్తే నేత ఆగిపోతుంది.

నా దస్తూరీ బాగుంటుందని తాత నాతోనే అర్జీ రాయించాడు. "రోడ్డు వద్దని రాయొద్దు పాపా. రోడ్డు కావాల. పాతవి రెండూ తవ్వేసి, మొదట్లో ఉన్న ఎత్తుకే వెయ్యమను. అంతే" అన్నాడు. పద్నాలుగు మగ్గాల ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు, కొందరు వేలిముద్రలు వేశారు. మగ్గం లేకపోయినా పక్కింటి అక్క కూడా సంతకం పెట్టింది. ఆమె మిషను మీద జాకెట్లు కుట్టేది. ఆమె ఇంట్లో ఒక అర నిండా పుస్తకాలు ఉండేవి. నా పుస్తకాల పిచ్చి ఆ అర ముందే మొదలైంది.

ఎదురింటి అంగడాయన మాత్రం సంతకం పెట్టలేదు. "ఏమప్పా పెద్దాయనా, అర్జీలు పెడితే వాళ్లు తవ్వరు, వెయ్యరు. వచ్చే రోడ్డు గూడా వేరే వీధికి పోతాది. అప్పుడు నీ మనవరాలు బురదలో సైకిలు తొక్కాల" అన్నాడు నవ్వుతూ.

"నీకేమప్పా, అంగడి అరుగు ఎత్తి కట్టుకున్యావు. నా కాళ్లు భూమిలో ఉండాయి" అన్నాడు తాత.

వాళ్లిద్దరి మాటల్లో నా చెవిలో మిగిలింది అంగడాయన మాటే. మున్సిపల్ ఆఫీసు మా స్కూలు దారిలోనే ఉంది. అక్కడి వరండాలో ఉన్న అర్జీల పెట్టెలో వెయ్యమని తాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. గేటు దాకా వెళ్లాను. పెట్టె కనిపిస్తూనే ఉంది. ఇది అందులో పడితే నా రోడ్డు వేరే వీధికి పోతుందన్న భయంతో అడుగు ముందుకు పడలేదు. కాగితం తీసి, అక్క దగ్గర తెచ్చుకున్న కథల పుస్తకం మధ్యలో పెట్టేశాను.

సాయంత్రం తాత అడిగాడు, "ఏసినావా పాపా?" అని. తల ఊపాను. నోటితో అబద్ధం చెప్పలేదు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. ఎక్కువ మాట్లాడని పిల్లలకు ఇలాంటి సౌకర్యం ఒకటి ఉంటుంది.

తర్వాత కొన్ని రోజులకు మున్సిపాలిటీ మనుషులు వచ్చి, తాడు లాగి, ఇళ్ల గోడల మీద సున్నంతో గీతలు పెట్టి వెళ్లారు. రోడ్డు అంత ఎత్తుకు వస్తుందని గుర్తు. మా ఇంటి గీత సరిగ్గా గడప ఎత్తుకు పడింది. తాత దాని మీద అరచేయి ఆనించి చూసి లోపలికి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నమే వాన పడింది. పగిలిన రోడ్డు గుంతల్లో నిలిచిన నీళ్లు గోడ కిందినుంచి ఊరి, మగ్గం గుంట అడుగున చేరాయి. నేను స్కూలు నుంచి వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. తాత గుంటలోకి దిగి, చెంబుతో నీళ్లు తోడి బకెట్లో పోస్తున్నాడు. నన్ను చూసి, "అర్జీ పోయింది గదా, ఇంగ భయం లేదులే. వాళ్లే వచ్చి చూస్తారు" అన్నాడు.

నాకు సైకిలు మీద ఆశ ఆ క్షణంలోనే చచ్చిపోయింది. అప్పటికప్పుడు ఆఫీసుకు పరుగెత్తాలని పుస్తకం కోసం చూస్తే కనపడలేదు. అమ్మను అడిగితే, "చదవడం అయిపోయినట్టుంది గదాని పొద్దున్నే అక్కకు ఇచ్చేసినా" అంది.

పక్కింటికి వెళ్లేసరికి అక్క మిషను తొక్కుతోంది. పుస్తకం అరలోనే ఉంది. తీసి ప్రతి పేజీ తిప్పాను. కాగితం లేదు. కుట్టు ఆపకుండానే అక్క, "ఏం పాపా, చదివిండే పుస్తకమే మళ్లా చదువుతాండావు?" అంది. పుస్తకం ఉన్నచోటే పెట్టి వచ్చేశాను. మర్నాడు ఆదివారం. రోడ్డు పని మొదలయ్యేది సోమవారం.

ఆదివారం పదిగంటలకు మోటారు సైకిలు మీద ఇంజనీరు వచ్చాడు. చేతిలో ఒక కాగితం. నాలుగు మడతల గుర్తులు, కింది మూలన నా పెన్ను కక్కిన సిరా మరక. అక్క తన గుమ్మంలో నిలబడి గుడ్డకు గుండీలు కుడుతోంది. నా వైపు చూడలేదు.

"నీళ్లు కాలవలోకి పోయేటట్టు వాటం పెడతాం తాతా. ఇంట్లోకి ఎందుకొస్తాయి?" అన్నాడు ఇంజనీరు.

"వచ్చేది రానిది నేను చెప్పను సార్. ఒక్కసారి ఈడ కుచ్చోండి" అని తాత ఆయన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. వీధి వీధంతా మా గుమ్మం దగ్గర చేరింది. "పడుగు దారాల మీద చెయ్యి పెట్టొద్దు సార్, పెళ్లి చీర" అన్నాడు తాత. తర్వాత నన్ను పిలిచాడు. "పాపా, చెంబుతో నీళ్లు తెచ్చి ఆ గీత ఎత్తుకు, గడప మీద పొయ్."

అంతమంది ముందు నేను చెంబు ఎత్తడం అదే మొదలు. గడప మీద నీళ్లు పోశాను. నీళ్లు లోపలి బండల మీద కాసేపు అటూ ఇటూ పాకి, చివరికి దారి దొరికినట్టు నేరుగా గుంట వైపు వెళ్లాయి. ఇంజనీరు "అబ్బా!" అని కాళ్లు పైకి లాక్కున్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అంగడాయనే. "ఒక్క చెంబుకే అట్లయితే ఎట్ల సార్! వానొస్తే ఈదాల్సిందే!" అన్నాడు.

నవ్వు ఆగాక ఆయనకు తన సంగతి గుర్తొచ్చింది. "అయితే తవ్వినన్నాళ్లు నా అంగడికి ఎవరొస్తారు?" అన్నాడు. తాత ఆలోచించి, వీధిని నిలువునా సగం తవ్వి, అది పూర్తయ్యాకే రెండో సగం ముట్టుకోమన్నాడు, అంగడి వైపు చివరికి ఉంచమన్నాడు. ఇంజనీరు కాళ్లు తుడుచుకుంటూ ఒప్పుకుని, అర్జీ వెనకవైపే ఏదో రాసుకున్నాడు. అంగడాయన అప్పుడు పెన్ను అడిగి తీసుకుని, అందరి సంతకాల కింద తన సంతకం కూడా పెట్టాడు.

పాత రోడ్లు పగలగొట్టి ఎత్తేసిన రోజు, మట్టిలోంచి మా ఇంటి రెండు మెట్లూ బయటపడ్డాయి. నల్లటి కడప బండలు, మధ్యలో నడిచి నడిచి నున్నగా అరిగినవి. ఎవరి కాళ్లకు అరిగాయో నాకు తెలియదు. తాత వాటిని కడిగి, కింది మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. పక్కన నేనూ కూర్చున్నాను. ఎన్నో రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. సైకిలు ఆ వేసవికి వచ్చింది.

ఇప్పుడు నేను రోజూ ఆ మెట్లు దిగే కాలేజీకి వెళ్తున్నాను. వీధిలో ఏదైనా మాట నలుగుతుంటే, నాకు నచ్చని మాట చెప్పేవాళ్ల దగ్గరే ఇంకాస్త సేపు నిలబడతాను. నా చేతికి ఎవరైనా కాగితం ఇస్తే చేరవలసిన చోట చేర్చే దాకా నాకు కుదురుండదు. ఎవరి తప్పయినా నా కంటపడితే, దాన్ని పదిమందిలో పెట్టకుండా సరిచెయ్యగలనా అని మొదట ఆలోచిస్తాను. అన్నిసార్లూ కుదరదు. కుదిరినప్పుడు అక్క గుర్తొస్తుంది.

ఇంజనీరు వచ్చిన ఆ ఆదివారం సాయంత్రం నేను ఆమె ఇంటికి వెళ్లాను. అంతా చెప్పేద్దామనే వెళ్లాను గానీ, పుస్తకాల అర ముందు తలవంచుకుని నిలబడిపోయాను. అక్క తనే ఒక పుస్తకం ఎంచి తీసింది. మిషను కింద పడి ఉన్న నీలం జాకెట్టు గుడ్డలోంచి వేలెడంత వెడల్పు ముక్క కత్తిరించి, పేజీల మధ్య పెట్టింది. ఆ ముక్క రంగు వెలిసిపోయి ఇప్పటికీ నా డైరీలో ఉంది. పుస్తకం నా చేతిలో పెడుతూ, మెల్లగా, పక్కనున్న వాళ్లమ్మకు కూడా వినపడనంత మెల్లగా అంది:

"ఈసారి గుర్తుకు ఇది పెట్టుకో పాపా. కాగితాలు వద్దు."