మూడు గోడల ఇల్లు

మా మరిది గత శుక్రవారం పొద్దున కాలం చేశాడు. గుండె ఆగిందని డాక్టరు రాశారు. ఆ గుండె ఏళ్ల కిందటే సగం ఆగిందని ఇంట్లో మాకు తెలుసు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నాకా అలవాటు లేదు. అతను మొండివాడు. భోజనానికి ఏనాడూ వేళకు రాలేదు. పోలీసుశాఖలో అతని పని, సాయుధులు దాక్కున్న ఇంట్లోకి జవాన్లు జట్టుగా ఎలా ప్రవేశించాలో నేర్పడం. ఆ పనిలో మాత్రం నేను వంక పెట్టలేను.

జూబ్లీహిల్స్‌లో మా ఇంటి మేడమీద వాటాలో ఉండేవాడు. ఏ గదిలోకి వచ్చినా తలుపును గోడకు తగిలేదాకా తోసేవాడు. గడియ తగిలి మా వంటింటి గోడకు సున్నం రాలిపోయింది.

"తలుపు వెనక నీ కోసం ఎవరు కాచుకున్నారయ్యా?" అని కసిరితే, "మీ అప్పడాల కర్ర ఉంటుందిగా వదినా!" అనేవాడు.

"గదిలోకి దూకడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. మన వీపు పక్కవాడికి అప్పజెప్పడానికి కావాలి" అని ఒకసారి అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

ఎనభైల చివర్లో సాధనకు ఖాళీ ఇల్లు కావాలని అడిగాడు. పై అధికారి ఫిల్మ్‌నగర్‌లో షూటింగు అయిపోయిన ఇంటి సెట్టు ఒకటి ఇప్పించాడు. దానికి ఉన్నవి మూడే గోడలు. గుమ్మం దాటగానే ఎడమవైపంతా కెమెరా కోసం వదిలిన ఖాళీ. అక్కడ కుర్చీలు వేసుకుని శాఖ పెద్దలు టీ తాగుతూ చూసేవారు. అటు తుపాకీ తిప్పకూడదని జవాన్లకు ఆజ్ఞ.

ఇది తప్పని మరిది అందరి ముందే చెప్పాడట. "నాలుగో గోడ ఉందనుకోమనండి. సినిమావాళ్లు అనుకోవడం లేదా?" అన్నాడట అధికారి. అందరూ నవ్వారట.

"రోజూ చూడొద్దన్న వైపు రేపు మాత్రం ఎలా చూస్తారు వదినా?" అన్నాడు ఆ సాయంత్రం. అన్నం ముట్టలేదు.

కొన్ని నెలలకు నగరంలో ఒక ఇంటి మీద దాడికి ఆ సెట్టులో సాధన చేసిన జవాన్లనే పంపారు. లోపలికి వెళ్లినవాళ్లు ఎదురుగా చూశారు, కుడివైపు చూశారు. ఎడమ మూల నుంచి తూటాలు వచ్చాయి. ముందు నడిచిన జవాను అక్కడికక్కడే పోయాడు. వెనకవాడి కుడిచెయ్యి పనికిరాకుండా పోయింది.

శిక్షణలో లోపమని విచారణలో తేల్చారు. అధికారికి పదోన్నతి వచ్చింది. మరిదిని సామాన్ల గిడ్డంగికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు.

"నోరు విప్పవేం?" అని నిలదీశాను.

"నేర్పింది నేనేగా వదినా" అన్నాడు. ఇంకో మాట ఎత్తనివ్వలేదు. ఆ మౌనాన్ని నేను మెచ్చుకోలేదు. ఇప్పుడూ మెచ్చుకోను.

శుక్రవారం ఆ అధికారి దండ పట్టుకుని వచ్చాడు. "ఎందరి ప్రాణాలో కాపాడిన గురువు" అని హాల్లో అందరికీ వినబడేలా అన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

మా మేడమెట్లు ఇరుకు, మధ్యలో మలుపు. పాడెను మరిది దగ్గర నేర్చుకున్నవాళ్లే ఎత్తారు. ఆనాటి దాడిలో కుడిచెయ్యి పోయినవాడు రహమత్‌నగర్ నుంచి వచ్చి ఎడమభుజం ఆనించాడు. మెట్ల మలుపు దగ్గర అధికారి ముందుకొచ్చి, "నేనూ ఒక భుజం పడతాను" అన్నాడు.

"గీడ జాగ లేదు సార్" అన్నాడు ఆ చెయ్యి పోయినవాడు, నడక ఆపకుండానే. "జర పక్కకు జరగుండ్రి. మా సార్ వస్తున్నరు."

అధికారి దండతో సహా గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. వాళ్లు ఒక్క మాటైనా అనుకోకుండా ఆ మలుపు తిరిగారు. పాడె ఏ గోడకూ తగల్లేదు.