పక్క బ్యారక్ వాళ్లూ మేమూ

పోల్చి చూసుకోవడం ఒక జబ్బు. నాకది ఫుజైరాలో పట్టుకుంది. డెబ్బైల చివరి రోజులు, నాకు ఇరవై నాలుగేళ్లు. ఊళ్లో అందరూ నేను దుబాయ్‌లో ఉన్నాననే చెప్పుకునేవాళ్లు. మా ఊరికి గల్ఫ్ మొత్తం దుబాయే. నేనున్నది మాత్రం దుబాయ్‌కి కొండల అవతల, సముద్రం వాసన వస్తుందే తప్ప సముద్రం కనిపించని ఒక రాళ్ల క్వారీలో.

క్యాంపులో రెండు బ్యారక్‌లుండేవి. ఒకదాంట్లో మలయాళీలు. రెండోదాంట్లో మావాళ్లు, అంటే కరీంనగర్, నిజామాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు. రెండింటి మధ్య ప్లైవుడ్ ఆఫీసు, దాని వెనకాల ఒక మంచం పట్టేంత గది నాది. నేను టైంకీపర్‌ని. పొద్దున ఎవరెవరు పనిలోకి దిగారో రాసుకోవాలి, ముదీర్, అంటే మేనేజరు, ఇంగ్లిష్‌లో చెప్పింది హిందీలోకో తెలుగులోకో మార్చాలి. మిగతా సమయంలో మావాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ని. ఎడమ కిటికీ తెరిస్తే కొబ్బరినూనెలో వేగుతున్న చేపల వాసన, కుడి కిటికీ తెరిస్తే ఎండుమిర్చి ఘాటు. నేను రెండూ తెరిచి పెట్టుకుని, గదిలో అటూ ఇటూ కాలుకాలిన పిల్లిలా తిరిగేవాణ్ని.

నన్ను కుదురుగా కూర్చోనివ్వని సంగతి ఒకటే. రెండు బ్యారక్‌లవాళ్లూ ఒకే ఎండలో ఒకే రాయి మోయడానికి వచ్చారు. మలయాళీల ఊళ్లలో కూడా కూలి పనులే, అప్పులే, రేకుల ఇళ్లే. అయినా రెండేళ్లు తిరిగేసరికి పక్క బ్యారక్‌లో మనుషులు మారిపోయేవాళ్లు. తట్ట మోసినవాడు డ్రైవరయ్యేవాడు, డ్రైవర్ దుబాయ్‌లో దుకాణం మీద కూర్చునేవాడు, ఖాళీ అయిన మంచం మీదకి వాడి బావమరిది దిగేవాడు. మా బ్యారక్‌లో మాత్రం అవే ముఖాలు, అవే పారలు. మొదటి రోజు ఎవడు ఏ తట్ట పట్టుకున్నాడో రెండేళ్ల తర్వాత కూడా అదే.

ఎందుకు? వారానికో కారణం కనిపెట్టేవాణ్ని. మొదట చదువు అనుకున్నాను. వాళ్లలో బడి మొహం చూడనివాడు లేడు, మావాళ్లలో సంతకం పెట్టగలిగేవాళ్లే తక్కువ. ఆ తర్వాత, వాళ్లు ముందొచ్చారు కాబట్టి అనుకున్నాను. వాళ్ల మేనమామలు మాకంటే చాలా ముందే పడవల్లో వచ్చి దిగారట. ఒక వారం మావాళ్ల మీద కోపం వచ్చి, వీళ్లకు బుద్ధి లేదు, అంతే, అని తేల్చేశాను. మరుసటి వారం కోపం మలయాళీల మీదకి మళ్లింది. ముక్కు మీద కోపం నాకు. ఇన్ని కారణాలూ కొంత కొంత నిజమే కావచ్చు. అసలు సంగతి మాత్రం శుక్రవారాల్లో నా కిటికీ ముందే జరిగేది. నేను దాన్ని చూసి నవ్వుకున్నాను.

శుక్రవారం సెలవు. మావాళ్లు మాంసం వండుకుని, మధ్యాహ్నం దాకా నిద్రపోయి, సాయంత్రం టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఇంటికి పంపే క్యాసెట్‌లో మాట్లాడేవాళ్లు. "నేను మంచిగున్న. నువ్వు ఫికరు వెట్టుకోకు" అని. మంచిగా లేనివాడు కూడా అదే చెప్పేవాడు. పక్క బ్యారక్‌లో మాత్రం ఒక నాటకం నడిచేది. స్టోర్‌కీపర్ ఒకాయన, నలభై దాటినవాడు, డబ్బా తిరగేసి దాని మీద ముదీర్‌లా కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాణ్ని ఎదురుగా నిలబెట్టి ఇంగ్లిష్‌లో అడిగేవాడు. ఏం పని వచ్చు? ఎన్నేళ్లు చేశావు? ఎక్కడ చేశావు? వాడు "మేసన్ సర్, ఎయిట్ ఇయర్స్ సర్" అని గొంతెత్తి చెప్పాలి. తల దించితే మళ్లీ మొదటి నుంచి. ఎనిమిదేళ్లని చెప్పినవాడికి మీసం సరిగా వచ్చి ఎనిమిదేళ్లు కాలేదని నాకు తెలుసు. సొంత డబ్బా కొట్టుకోవడం కూడా నేర్పిస్తారా అని మావాళ్లకు చెప్పి నవ్వించాను.

మావాళ్లలో అందరూ కాక అని, చిన్నాన్నను పిలిచినట్టు పిలిచే ఒకాయన ఉండేవాడు. మా ఊరికి రెండు కోసుల దూరం ఆయనది. రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టాడు, బావులు తవ్వాడు, చెరువుకట్టలకు రాతికట్టు కట్టాడు. బండ మీద సుత్తెతో చిన్నగా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఎక్కడ కొడితే రెండుగా విడిపోతుందో వేలితో గీసి చూపించేవాడు. అక్కడే విడిపోయేది. వాగు పక్కన కంపెనీ కడుతున్న గోడకు రాయి ఎంచవలసి వస్తే పక్క బ్యారక్ మేస్త్రీలు ఈయన్నే పిలిచేవాళ్లు. ఈయన ఎంచి ఇచ్చిన రాయి వాళ్లు పేర్చేవాళ్లు. వాళ్ల కాగితంలో మేసన్, ఈయన కాగితంలో లేబర్. జీతంలో సగానికి సగం తేడా.

అదెలా జరిగిందో ఆయనే చెప్పాడు. బొంబాయిలో ఏజెంటు, నీకేం పని వచ్చు అని అడిగాడట. "ఏ పనైనా చేస్త సార్ అన్న. ఇంకేమంటరు?" మా బ్యారక్‌లో అందరూ ఆ మాటే అన్నారు. మగ్గం నేసేవాడు అన్నాడు, వడ్రంగి అన్నాడు. పెద్దమనిషి ముందు నిలబడినప్పుడు నాకు ఇది వచ్చు, అది వచ్చు అనడం మా వైపు మర్యాద కాదు. ఏ పనైనా చేస్తానన్నవాణ్ని ఏజెంటు ఏ పనీ రానివాడిగా రాసుకున్నాడు.

కాక ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆయన భార్య ఇరవై ఏళ్లు రోడ్డు పక్కన కంకర కొట్టింది. ఈయన బయలుదేరేటప్పుడు ఆమె సుత్తెను, తన సుత్తెను కలిపి అటక మీద పెట్టి వచ్చాడు. "మల్ల ముట్టొద్దని చెప్పిన" అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆమెకు రాసే ప్రతి ఉత్తరంలోనూ అదే అడిగించేవాడు: చేతుల కాయలు మెత్తబడ్డాయా? మెత్తబడ్డాయని ఆమె ఎవరితోనో జవాబు రాయించిన రోజున బ్యారక్ మొత్తానికి చాయ్ పోయించాడు.

అలాంటప్పుడు కబురొచ్చింది, క్వారీ పని ముగిసిపోతోందని. కంపెనీకి ఇంకో పక్క పెద్ద గోడ పని దొరికింది. మేస్త్రీలను ఉంచుకుంటారు, లేబర్‌ను ఇంటికి పంపిస్తారు. లేబర్‌లో పని తెలిసినవాళ్లెవరైనా ఉంటే శనివారం ముదీర్ వచ్చి పరీక్ష పెడతాడు. కాకకు కావలసింది ఆ పరీక్షే. అందులో గట్టెక్కితే ఆయన భార్య సుత్తె అటక మీదే ఉంటుంది. లేకపోతే కిందికి దిగుతుంది. అంతకు మించి ఇంకేమీ లేదు.

ఆ బుధవారం స్టోర్‌కీపర్ నా గదికి వచ్చాడు. ఆయనతో నా మాటలు హిందీలోనే. "మీ ముసలాయన చేతిలో ఉన్న పని మా బ్యారక్ మొత్తంలో లేదు భాయ్. కానీ ముదీర్ చేతిని చూడడు, నోటిని చూస్తాడు. శుక్రవారం తీసుకురా. మేం తయారు చేస్తాం" అన్నాడు. నేను ఆయన్ని చూసి నవ్విన సంగతి ఆయనకు తెలుసు. అయినా వచ్చాడు.

కాకకు చెప్పాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా వైపు వింతగా చూశాడు.

"ఏందీ, నా పని గొప్పదని నేనే చెప్పుకోవాల్నా? పదిమంది ముందట? సిగ్గనిపియ్యదా బిడ్డా? గోడను చూసుకొమ్మను."

"గోడను చూడరంట కాకా. అడుగుతరంట."

తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "సరే తియ్యి. నువ్వు తోలుకపోతే వస్త. నేనొక్కణ్ని ఆడికి పోను" అన్నాడు.

నేను తోలుకుపోలేదు. గురువారం సాయంత్రం రాళ్ల లారీ ఎక్కి దుబాయ్ పోయాను. కరామాలో ఒక దుకాణంలో టైపిస్టు కావాలని ఎవరో చెప్పారు. నెలకోసారి ఇలాంటి కబురు ఏదో ఒకటి నా చెవిన పడేది, పడగానే నా కాళ్లు లేచేవి. శుక్రవారమంతా ఆ దుకాణం యజమాని కోసం మెట్ల మీద కూర్చున్నాను. సత్వాలో తెలిసినవాళ్ల గదిలో ఎనిమిది మందితో పాటు నేల మీద పడుకుని, వీళ్లకు ఫ్యాన్ ఉంది, మాకు ఏసీ ఉంది, వీళ్లకు సినిమా ఉంది, మాకు లేదు అని అక్కడా పోలికలే. కాక మాట గుర్తు రాలేదని చెప్పను. వచ్చింది. అంత పనిమంతుడికి ఇదంతా ఎందుకులే అనుకున్నాను. నాకు కావలసిన జవాబు నేనే చెప్పుకున్నాను.

శనివారం తెల్లారేసరికి తిరిగొచ్చాను. నేను లేని శుక్రవారం కాక సాయంత్రం దాకా చొక్కా తొడుక్కుని నా గది ముందు అరుగు మీద కూర్చున్నాడని వంటవాడు చెప్పాడు.

ముదీర్ లెబనాన్ మనిషి. ఎప్పుడూ తొందరే. గోడ దగ్గరికి రాలేదు. ఆఫీసులోనే బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచాడు. కాక కంటే ముందు పక్క బ్యారక్ నుంచి పాతికేళ్ల కుర్ర లేబర్ ఒకడు వచ్చాడు. "మేసన్ సర్, ఎయిట్ ఇయర్స్ సర్" అన్నాడు. గొంతు వణకలేదు. ముదీర్ టిక్కు పెట్టాడు.

కాక చెప్పులు బయట విడిచి వచ్చాడు. రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. ఏం పని వచ్చని ముదీర్ అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. కాక నేల చూస్తూ అన్నాడు:

"ఏదో సార్, పెద్దలు నేర్పింది జరంత అస్తది. మీరెట్ల చెప్తె అట్ల చేస్త."

మా వైపు ఆ మాట ఎవరన్నా, ఈయన గట్టి పనివాడని అర్థం. కొంచెం వచ్చినవాడే చాలా వచ్చని చెప్పుకుంటాడు. ఆ సంగతి ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను. తనకు కొంచెం తెలుసంటున్నాడు సర్, మీరు చెప్పినట్టు చేస్తానంటున్నాడు. ఒక్క ముక్క పోకుండా మార్చాను. నా ఇంగ్లిష్ చూసి ముదీర్ నన్ను దుబాయ్ ఆఫీసుకు పిలుచుకుంటాడేమోనన్న ఆశ కూడా ఒక మూల ఉంది. నిద్ర లేదు, బుర్ర ఇంకా కరామా మెట్ల మీదే ఉంది. ముదీర్ తల ఎత్తకుండా గీత కొట్టి, "ఖలాస్, తర్వాతివాణ్ని పిలువు" అన్నాడు. కాక ముదీర్‌కు దండం పెట్టి, నాకు కూడా పెట్టి వెళ్లాడు.

గీత కొట్టాక గాని నాకు తెలివి రాలేదు. మధ్యాహ్నం ముదీర్ కారు దాకా వెంటపడ్డాను. ఆయన అందరికంటే పనిమంతుడు సర్, ఒక్కసారి గోడ దగ్గరికి రండి అన్నాను. ముదీర్ కారు తలుపు పట్టుకుని నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కొంచెమే తెలుసని నువ్వే కదా చెప్పావు. ఎవడైనా తన పొట్ట మీద తానే కొట్టుకుని అబద్ధం చెప్తాడా?" అన్నాడు. జాబితా ఆయన సంచిలోకి వెళ్లిపోయింది. "యల్లా, పోనీ" అన్నాడు డ్రైవర్‌తో.

ప్రయాణానికి ఇంకా నాలుగు వారాలున్నాయి. ఆ నాలుగు వారాలూ కాక గోడ దగ్గరే ఉన్నాడు. ఎనిమిదేళ్ల అనుభవం ఉందన్న ఆ మనిషికి రాయి చప్పుడు ఎలా వినాలో నేర్పిస్తూ. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆనికెందుకు నేర్పుతున్నవ్ కాకా? నీ నౌకరి ఎత్తుకపోయిండు."

"ఆడేం ఎత్తుకపోయిండు? ఆనికీ ఇంటికాడ ముసలోళ్లున్నరు. పని తెల్వకుంట పేరిస్తే గోడ కూలుతది బిడ్డా."

వాళ్లు ఎందుకు పైకెళ్తున్నారు, మేమెందుకు ఉన్నచోటే ఉన్నాం అని నేను రెండేళ్లు వెతికాను. పక్క బ్యారక్‌లో రెండు మాటలు ఇంగ్లిష్ వచ్చినవాడు శుక్రవారం పూట డబ్బా తిరగేసి కూర్చునేవాడు. మా బ్యారక్‌లో ఇంగ్లిష్ వచ్చినవాణ్ని నేనే. నేను లారీ ఎక్కేవాణ్ని.

జాబితా వెళ్లిన మర్నాడే కాక ఉత్తరం రాయించుకోవడానికి వచ్చాడు. ఎప్పటిలాగే నేల మీద కూర్చున్నాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు. రాసే ముందు ఒక మాట అడిగాడు.

"నిన్న నేను చెప్పింది చెప్పినట్టే సార్‌కు చెప్పినవ్ గదా?"

"చెప్పిన కాకా."

"సాలు. నువ్వు మాట మార్చవని నాకెరుకే. ఇంకొకడైతే ఏమేమో కలిపి చెప్పి నా ఇజ్జత్ తీస్తుండె."

నన్ను తిడతాడని కాచుకుని ఉన్నాను. ఆయన నన్ను మెచ్చుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది, కలం చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని, భార్య ఎదురుగా ఉన్నట్టే చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను మంచిగున్న. వచ్చే నెల అస్తున్న. అటక మీది సుత్తెలు కిందికి తియ్యి. ఇన్ని దినాలకు కట్టె కామలు ఎండి వదులైనయ్ కావచ్చు. రెండు దినాలు నీళ్లల్ల నానబెట్టు, బిగుస్తయ్."

నా కలం ఆగింది. "సుత్తెలా కాకా, సుత్తెనా?" అని అడిగాను.

"రెండు" అన్నాడు. "రెండూ నానబెట్టుమని రాయి."

చెప్పింది చెప్పినట్టే రాశాను.