అయిదు గాస్‌ల గీత

కరోనా ఆంక్షలు తొలగిన ఏడాది నన్ను కువైట్‌లో జహ్రాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి సీనియర్ బయోమెడికల్ టెక్నీషియన్‌గా వేశారు. పదవీ విరమణకు ముందు నేను పనిచేసిన చివరి చోటు అది. ఆసుపత్రి యంత్రాలు సరిగా నడిచేలా, వాటివల్ల ఎవరికీ హాని కలగకుండా చూడడం మా పని. వాటిలో ఎం.ఆర్.ఐ. తీరే వేరు. స్కానింగ్ లేనప్పుడు కూడా దాని అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. ఆ బలాన్ని గాస్‌లలో కొలుస్తాం. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయిదు గాస్‌లు దాటిన చోటికి రాకూడదన్నది మా దగ్గర నియమం. ఆ హద్దును భవనం నక్షాలో యంత్రం చుట్టూ గీతగా చూపిస్తారు.

ఎం.ఆర్.ఐ. గదికి గోడ అవతల లినెన్ గది. అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేసేది రత్నకుమారి, అమలాపురం దగ్గరి మనిషి. సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు కళ్లు తిరిగి పడిపోతే కాకినాడలో పేస్‌మేకర్ పెట్టారు. పనికి డాక్టరు ఒప్పుకున్నాక తిరిగి వచ్చి, దాచకుండా చెప్పింది. మా పరిపాలనాధికారి ఈజిప్టు మనిషి. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఎం.ఆర్.ఐ. ఉన్న భవనంలో ఈమెను ఉంచలేనని, నివాస అనుమతి ఇఖామాను రద్దు చేసి పంపేస్తానని, ఖలాస్, ఇక అంతే అనేశాడు.

ఆమె నా దగ్గరికి వచ్చింది. "సారూ, నన్ను పంపేత్తారంటండి. ఉండాలన్నా బయమే, పోవాలన్నా బయమేనండి. గోడవతల మిషను నన్నేం చేత్తదండి?"

నాది రాయచోటి. "కొలిచి చెప్తా తల్లీ. అంతవరకూ ఆ గదిలోకి పోవాకు" అన్నాను. అధికారిని అడిగితే వారం గడువిచ్చాడు.

అసలైన గాస్‌మీటరు ఎం.ఆర్.ఐ. కంపెనీ సర్వీసు ఇంజనీరు దగ్గర ఉంటుంది. అతను దుబాయి నుంచి రావడానికి ఇంకా చాలా రోజులుంది. నా దగ్గర ఉన్నది పిల్లలు కాలేజీ ప్రాజెక్టులకు వాడే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు. సరదాకి కొన్నది. దానికి మూడు దిక్కుల్లోనూ అయస్కాంత బలాన్ని పట్టే సెన్సర్ చిప్పు ఒకటి కలిపాను. అది చూపే అంకెను నమ్మవచ్చా అన్నదే అసలు ప్రశ్న. అబ్బాసియాలో మా ఫ్లాటులో కూర్చుని ప్లాస్టిక్ గొట్టానికి రాగి తీగ చుట్టి, అందులో కరెంటు పంపాను. చుట్లు ఎంత దగ్గరగా ఉన్నాయో, ఎంత కరెంటు పోతోందో తెలిస్తే లోపల ఎంత బలం ఉండాలో లెక్క కట్టవచ్చు. చిప్పును ఆ గొట్టంలో పెట్టి, లెక్కకు సరిపోయేలా సరిదిద్దాను.

శుక్రవారం లినెన్ గదిలోంచి ఇనుప బల్ల, ట్రాలీలు బయటికి తీయించాను. ఇనుము దగ్గరుంటే అంకెలు మారిపోతాయి. పేస్‌మేకర్ ఉండేది మెడ దిగువ ఎముక, జత్రుక కింద కాబట్టి రత్నకుమారిని వరండాలో నిలబెట్టి ఆ ఎత్తు చూసుకున్నాను. చిప్పును చెక్క కర్రకు కట్టి, ఆ ఎత్తులో గదంతా అడుగడుగునా కొలిచాను. ఆమె వంగినప్పుడు ఎంత కిందికి వస్తుందో అక్కడా చూశాను.

గదిలో ఎక్కువ భాగం ఒక గాస్‌కు లోపే ఉంది. గోడ దగ్గరికి వెళ్లేకొద్దీ అంకె పెరిగింది. సరిగ్గా ఇస్త్రీ బల్ల ఉండే మూలలో అయిదు దాటింది. నక్షాలో గీత గోడకు ఇవతలికి రానే రాదు. ఆరా తీస్తే తెలిసింది: నక్షా గీశాక, లినెన్ గది పెద్దదిగా ఉండాలని గోడను యంత్రం వైపు జరిపి కట్టారట.

అధికారి తన మాటే నిజమైందన్నాడు. ఆ మూల వరకే నిజమని నేనన్నాను. కంపెనీ ఇంజనీరు చూసేవరకు రత్నకుమారిని పై అంతస్తులో పిల్లల వార్డుకు వేయమని కోరాను. దానికి ఒప్పుకున్నాడు.

ఇంజనీరు వచ్చి తన మీటరుతో కొలిచాడు. అతని గీత నా గీతకు బెత్తెడు దూరంలో పడింది. నా పరికరం చూసి నవ్వి, కొలిచిన పద్ధతిని తన రిపోర్టులో రాసుకున్నాడు. ఆ మూలకు చెక్క అడ్డు కట్టించి, బల్లను తలుపు వైపు వేయించాం. అధికారి ఆమె ఇఖామా కొనసాగింపు కాగితాలపై సంతకం పెట్టాడు.

"ఆ అడ్డు దగ్గరికి సీపురు కూడా పోనివ్వనండి" అని రత్నకుమారి నవ్వింది. నేను రిటైరయ్యే నాటికి ఆమె అక్కడే పనిచేస్తోంది.

ప్రమాదమా కాదా అని అడిగితే కొలిచేవాడి దగ్గర జవాబుండదు. ఎక్కడి వరకు అని అడిగితే ఉంటుంది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగి ఉంటే ఆమెను పంపేసేవాళ్లం, ఆ మూల సంగతి తెలియకుండానే అక్కడ మరొకరిని నిలబెట్టేవాళ్లం.